రూ.18 లక్షల సీటు, నెలకు రూ.25,000 వాయిదా

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. 18 ఏళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. సొంత కారును క్యాబ్‌గా తిప్పుతాను, ఖర్చులు పోను నెలకు రూ.45,000 మిగులుతుంది. మా అమ్మాయి ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదువుకుని ఈ ఏడాది రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) పూర్తి చేసింది. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీలో వచ్చిన ర్యాంకుకు ఒక మధ్యరకం కళాశాలలో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చింది, ఏడాదికి రూ.1.1 లక్షలు. ఒక కన్సల్టెంటు మరో కళాశాలలో కంప్యూటర్ సైన్స్ మేనేజ్‌మెంట్ సీటు ఏడాదికి రూ.4.5 లక్షలకు ఇప్పిస్తానని, ఇది కాక ముందుగా రూ.2 లక్షలు నగదుగా ఇవ్వాలని అంటున్నాడు. నా దగ్గర రూ.4 లక్షలు ఉన్నాయి. మిగతా రూ.14 లక్షలకు ఊళ్ళో ఎకరన్నర పొలం తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకుందామనుకుంటున్నాను. ఉద్యోగం వచ్చాక అమ్మాయే తీర్చుకుంటుందని, పన్ను మినహాయింపు కూడా ఉంటుందని మా బావమరిది అంటున్నాడు. పొలం అమ్మాయి పెళ్ళికని దాచినది కాబట్టి ముట్టుకోవద్దని నా భార్య అంటోంది. అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంటుంది. మూడేళ్ళ బీసీఏ డిగ్రీ చాలని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, కె.ఆర్.పురం

సమాధానం:

అయ్యా,

మీరు లెక్కలు దాచుకోకుండా రాశారు కాబట్టి నేనూ లెక్కతోనే మొదలుపెడతాను. మీ ముందున్న ప్రశ్న అమ్మాయిని ఇంజనీరింగ్ చదివించాలా వద్దా అన్నది కాదు, సీఈటీలో వచ్చిన సీటుతో ఆమె ఎలాగూ ఇంజనీరే అవుతుంది. అందువల్ల డిగ్రీకయ్యే మొత్తం ఖర్చును ఇంజనీరుకు వచ్చే మొత్తం జీతంతో పోల్చడం సరి కాదు. నాలుగేళ్ళకు రూ.4.4 లక్షలతో అయ్యే చదువును వదులుకుని రూ.18 లక్షల చదువుకు వెళ్ళడానికి మీరు అదనంగా పెట్టే రూ.13.6 లక్షలు, ఆమెకు అదనంగా ఎంత జీతం తెచ్చిపెడతాయన్నది మాత్రమే చూడాలి. కన్సల్టెంటు ఎప్పుడూ ఈ రెండో లెక్క జోలికి రాడు. ఇంజనీరు జీతం ఇంత, ఫీజు ఇంత, మూడేళ్ళలో అప్పు తీరిపోతుందని చెబుతాడు. ఆ జీతంలో ఎక్కువ భాగం ఇప్పుడు మీ చేతిలో ఉన్న సీటుతో కూడా వచ్చేదేనన్న సంగతి మాత్రం చెప్పడు.

అప్పు సంగతి చూద్దాం. నాలుగేళ్ళూ ఏడాదికి రూ.3.5 లక్షల చొప్పున బ్యాంకు ఇస్తుందనీ, వడ్డీ 10 శాతమనీ అనుకోండి. చదువుతున్న నాలుగేళ్ళు, ఆ తర్వాత మరో ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు, కానీ ఆ అయిదేళ్ళూ సాధారణ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న మొత్తానికి అయిదేళ్ళ వడ్డీ, రెండో ఏడాది మొత్తానికి నాలుగేళ్ళది, ఇలా కూడితే రూ.4.9 లక్షలు అవుతుంది. అంటే మొదటి వాయిదా కట్టే నాటికి మీ అప్పు రూ.14 లక్షలు కాదు, రూ.18.9 లక్షలు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.25,000 కట్టాలి, చివరికి కట్టింది మొత్తం రూ.30 లక్షల దగ్గర తేలుతుంది. పదిహేనేళ్ళకు పెట్టుకుంటే వాయిదా రూ.20,300కు దిగుతుంది, మొత్తం మాత్రం రూ.36 లక్షలు దాటిపోతుంది. సీఈటీ సీటుకైతే మీ దగ్గరున్న రూ.4 లక్షలకు మరో రూ.40,000 కలిస్తే చాలు, అప్పుతో పనే లేదు. కాబట్టి కంప్యూటర్ సైన్స్ సీటు మీకు గిట్టుబాటు కావాలంటే, ఎలక్ట్రానిక్స్ చదివితే వచ్చే జీతం కంటే నెలకు రూ.25,000 ఎక్కువ, అదీ అన్ని కోతలూ పోయాక చేతికి అందేది, పదేళ్ళ పాటు ఒక్క నెల కూడా తప్పకుండా రావాలి.

ఇందులో మీరు గమనించని చిక్కు మరొకటి ఉంది. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం రూ.7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి ఆస్తి హామీ అడుగుతారు. ఆ హామీగా వ్యవసాయ భూమిని తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి, ఎందుకంటే బాకీ వసూలు కోసం తెచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. పట్టా పాస్‌పుస్తకం పట్టుకుని వెళితే మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, పట్టణంలో ఇల్లో స్థలమో ఉంటే చెప్పమంటాడు. ఈలోగా మొదటి ఏడాది ఫీజు మీరు కట్టేసి ఉంటారు. అప్పుడు మిగిలేవి రెండే దారులు, పొలం అమ్మడమో, ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తేవడమో. రెండు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ ఏడాదికి అది 24 శాతం, రూ.14 లక్షల మీద వడ్డీ ఒక్కటే నెలకు రూ.28,000. కన్సల్టెంటుకు మాట ఇచ్చే ముందే బ్యాంకుకు వెళ్ళి, మీ పొలాన్ని హామీగా తీసుకుంటారా, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అప్పు ఇస్తారా అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో మీ ఆదాయం వారికి రూ.10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉన్న మాట నిజమే, అయితే అది ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం. ఈ సీటుకు అది దొరుకుతుందన్న ధీమాతో లెక్క వేసుకోకండి.

ఇక జీతం. పెద్ద ఐటీ సేవల సంస్థలు కళాశాలల నుంచి గుంపుగా తీసుకునే కొత్తవారికి ఇచ్చే ప్రారంభ వేతనం పదేళ్ళకు పైగా ఏడాదికి రూ.3 లక్షల నుంచి రూ.3.6 లక్షల మధ్యే తచ్చాడుతోంది. ఈలోగా ఇంటి అద్దెలు ఎంత పెరిగాయో, ఫీజులు ఎంత పెరిగాయో బెంగళూరులో ఉంటున్న మీకు నేను చెప్పనక్కరలేదు. పైగా ప్యాకేజీ అని చెప్పే రూ.3.6 లక్షలను పన్నెండుతో భాగిస్తే వచ్చే రూ.30,000 ఎవరి చేతికీ రాదు. యాజమాన్యం కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా అన్నీ ఆ అంకెలోనే కలిసి ఉంటాయి.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో విద్యా రుణాలు చూస్తున్న రోజుల్లో కోలారు వైపు నుంచి ఒక కుర్రవాడు తండ్రితో కలిసి వాయిదా తగ్గించమని అడగడానికి వచ్చాడు. జేబులోంచి జీతం చీటీ తీసి బల్ల మీద పరిచాడు. మొత్తం జీతం రూ.26,900. పీఎఫ్ కింద రూ.1,800, వృత్తి పన్ను రూ.200, బీమా రూ.400 పోగా చేతికి వచ్చింది రూ.24,500. మా వాయిదా రూ.19,800. ఉంటున్న పీజీ హాస్టలుకు రూ.8,000 కడుతున్నానన్నాడు. లోటు ఎవరు పూడుస్తున్నారని నేను అడగలేదు, పక్కన కూర్చున్న పెద్దాయన చొక్కా చూస్తేనే తెలిసింది. గడువు పొడిగించి వాయిదా తగ్గించాం, దానివల్ల కట్టాల్సిన మొత్తం మరింత పెరిగింది. అది చెప్పినప్పుడు కుర్రవాడు చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, ఏమీ అనలేదు. అతను చదువులో వెనుకబడినవాడు కాదు, ఉద్యోగం రానివాడూ కాదు. అన్నీ అనుకున్నట్లే జరిగినా ఆ లెక్క కుదరలేదు, అంతే. మీ అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పీజీ ఖర్చు తప్పుతుంది, కానీ రూ.25,000 వాయిదా అంటే మొదటి జీతం మొత్తం నేరుగా బ్యాంకుకే పోతుంది.

మీ బావమరిది చెప్పిన పన్ను మినహాయింపు గురించి. ఆదాయపు పన్ను చట్టం కింద విద్యా రుణం వడ్డీని ఎనిమిదేళ్ళ వరకు ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చన్నది నిజం, అయితే పాత పన్ను విధానంలో ఉన్నవారికే. అసలు ఏడాదికి మూడున్నర లక్షలు సంపాదించేవారికి ఏ విధానంలోనూ పన్నే పడదు. కట్టని పన్నులో మినహాయింపు ఏమిటి?

ఇప్పుడు ఆ కంప్యూటర్ సైన్స్ సీటు నిజంగా ఎక్కువ జీతం తెస్తుందా అన్నది చూడాలి. బీఎంటీసీ బస్సుల వెనుక, పత్రికల మొదటి పేజీల్లో కళాశాలలు వేసుకునే అత్యధిక ప్యాకేజీ గురించి మదనపల్లె వారికి విడమరచి చెప్పాల్సిన అవసరం ఉండదనుకుంటాను. టమోటా మార్కెట్ యార్డులో ఆ రోజు ఒక పెట్టెకు పలికిన గరిష్ఠ ధర మరునాడు పేపర్లో వస్తుంది. దాన్ని చూసి మన తోటలో పెట్టెలన్నీ ఆ ధరకే పోయాయని ఏ రైతూ అనుకోడు. 2023 జూలైలో ధర ఆకాశానికి అంటినప్పుడు బాగుపడ్డ రైతులు ఉన్నారు, ఆ ధరను నమ్ముకుని మరుసటి పంటకు అప్పు చేసి నాటినవారు ఏమయ్యారో మీరే చూసి ఉంటారు. కళాశాలలో మీరు అడగాల్సింది నడిమి ధర. తరగతిలో అందరి జీతాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో నిలబడే విద్యార్థికి ఎంత వస్తోందన్నదే మీ అమ్మాయికి పనికొచ్చే అంకె. కేంద్ర ప్రభుత్వపు ర్యాంకుల పథకమైన ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొనే కళాశాలలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైటులో ఉంచాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ వేతనం ఎంత అన్నవి అందులో ఉంటాయి. మీ అమ్మాయినే కూర్చోబెట్టి రెండు కళాశాలల వివరాలూ వెతికించండి. అవి శాఖలవారీగా విడివిడిగా ఉండవు, అందుకని కంప్యూటర్ సైన్స్‌లో చేరిన 100 మందిలో ఎంతమంది ఉద్యోగంలో చేరారని కళాశాల ప్లేస్‌మెంట్ అధికారిని నేరుగా అడగండి. ఆఫర్ వచ్చినవారి సంఖ్య, ఉద్యోగంలో నిజంగా చేరినవారి సంఖ్య ఒకటి కావు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కించే కళాశాలలు ఉన్నాయి, బ్యాక్‌లాగులు ఉన్నవారిని అసలు లెక్కలోంచే తీసేసి నూటికి 95 మందికి ఉద్యోగాలని చెప్పేవీ ఉన్నాయి.

ఇంకో మాట, ఇది కన్సల్టెంట్లకు నచ్చదు. గుంపుగా ఉద్యోగాలిచ్చే ఐటీ సంస్థలు కంప్యూటర్ సైన్స్ వారినీ ఎలక్ట్రానిక్స్ వారినీ సాధారణంగా ఒకే పరీక్షకు కూర్చోబెడతాయి, ఒకే జీతం ఇస్తాయి. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధమైన కళాశాలలైతే పట్టా మీద ముద్ర కూడా ఒకటే. అంతెందుకు, ఏ ప్రైవేటు కళాశాలలోనైనా ఒకే బెంచీ మీద సీఈటీ ఫీజు కట్టిన పిల్ల, కామెడ్‌కె (ప్రైవేటు కళాశాలల ప్రవేశ పరీక్ష) సీటు ఫీజు కట్టిన పిల్ల, మేనేజ్‌మెంట్ ఫీజు కట్టిన పిల్ల పక్కపక్కన కూర్చుని అదే పాఠం వింటారు. ఇంటర్వ్యూ చేసేవారు ఎవరి ఫీజు రసీదూ అడగరు. ఎలక్ట్రానిక్స్ అంటే కంప్యూటర్ సైన్స్ దొరకనివారి శాఖ అన్న చులకన బెంగళూరులో అసలు నప్పదు. 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్, 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ మొదలైన ఊరు ఇది. చిప్‌ల రూపకల్పన పనికి ఈ శాఖవారే కావాలి, ఆ ఉద్యోగాలు తక్కువే అయినా జీతాలు మెరుగ్గా ఉంటాయి. శాఖ ఏదైనా ప్రోగ్రామింగు మాత్రం సొంతంగా, గట్టిగా నేర్చుకోవాల్సిందే, అందులో మినహాయింపు లేదు.

మేనేజ్‌మెంట్ సీటు అందరికీ దండగేనని నేను అనడం లేదు. ఆ కళాశాలలో నడిమి విద్యార్థి జీతం ఏడాదికి రూ.7 లక్షలు దాటుతుంటే, అదే కాలంలో మీ సీఈటీ కళాశాలలో అది మూడున్నర లక్షల దగ్గరే ఉంటే, పైగా పొలం జోలికి పోకుండా కట్టగల స్తోమత ఉంటే, ఆలోచించదగ్గదే. అయితే అలాంటి కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ మేనేజ్‌మెంట్ సీటు సాధారణంగా ఏడాదికి రూ.4.5 లక్షలకు దొరకదు, అంతకు చాలా ఎక్కువే అడుగుతారు. మీకు చెప్పిన ధరే ఆ కళాశాల ఎక్కడుందో చెబుతోంది.

బీసీఏ గురించి ఎక్కువ రాయను. గణితం బాగా వచ్చి, చేతిలో ఇంజనీరింగ్ సీటు ఉండి, దాని ఖర్చు భరించగలిగినప్పుడు బీసీఏకు దిగాల్సిన పని లేదు. ఏడాది ముందే సంపాదన మొదలవుతుందన్న మాట నిజమే, విప్రో వంటి సంస్థలు బీసీఏ, బీఎస్సీ వారిని తీసుకుని పని చేస్తుండగానే ఎంటెక్ చదివించే పథకాలూ ఉన్నాయి. కానీ ప్రారంభ జీతం ఇంకా తక్కువ, ఎంసీఏ కూడా చేస్తే చదువు అయిదేళ్ళు అవుతుంది. సీఈటీ సీటు లేకపోయి ఉంటే దీని గురించి వేరేగా రాసేవాణ్ణి.

ఆ సీఈటీ సీటునే మీరు ఇంకా చౌకగా, ఇంకా మెరుగ్గా మలచుకోవచ్చు. కర్ణాటకలో కనీసం ఏడేళ్ళు చదివి ఉండాలన్న నిబంధన వల్ల ఇక్కడి తెలుగు పిల్లలు ఎందరో ఈ ఫీజుకు దూరమవుతున్నారు, మీ అమ్మాయికి ఆ చిక్కు లేదు. సీటు వచ్చాక సీఈటీ ప్రవేశాలు చూసే కేఈఏ సంస్థ అడిగే నాలుగు ఎంపికల్లో రెండోది ఈ సీటును నిలుపుకుంటూనే తర్వాతి విడతలో మెరుగైన దాని కోసం వేచి ఉండడానికి. వేరే కళాశాలలో కంప్యూటర్ సైన్సో, దాని దగ్గరి శాఖో వస్తే పోవచ్చు, రాకపోతే ఇది ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉన్నవారికి ట్యూషన్ ఫీజు లేకుండా అదనంగా 5 శాతం సీట్లు ఉన్నాయి, ఇక్కడ దాన్ని ఎస్ఎన్‌క్యూ అంటారు. అర్జీలో ఆ వర్గం కోరి ఉంటే తర్వాతి విడతలో దానికి ప్రాధాన్యం ఇవ్వండి. వీటన్నిటికంటే మీకు దగ్గరగా ఉన్నది అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వారి ప్రగతి ఉపకార వేతనం. సాంకేతిక విద్యలో చేరే ఆడపిల్లలకు, ఆదాయం అదే రూ.8 లక్షల లోపు అయితే, ఏడాదికి రూ.50,000 ఇస్తారు. మార్కుల ఆధారంగా ఎంపిక కాబట్టి వచ్చి తీరుతుందని చెప్పలేను, కానీ వస్తే నాలుగేళ్ళకు రూ.2 లక్షలు, మీ మొత్తం ఖర్చులో దాదాపు సగం.

కన్సల్టెంటు అడిగిన రూ.2 లక్షల నగదు మాత్రం ఇవ్వకండి. నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేయడాన్ని కర్ణాటక 1984లోనే చట్టం చేసి నిషేధించింది. రసీదు లేని డబ్బుకు బ్యాంకు అప్పు ఇవ్వదు, అమ్మాయి మనసు మార్చుకుంటే కళాశాల తిరిగి ఇవ్వదు, కన్సల్టెంటు ఫోను ఎత్తడు. రేపటిలోగా కట్టకపోతే సీటు పోతుందని ఎన్నిసార్లు చెప్పినా సరే.

మీ ఇంటావిడ మాటను పెళ్ళి మాటగా తీసిపారేయకండి. ఆమె పెళ్ళి అన్నది కానీ, ఆమె కాపాడాలనుకుంటున్నది ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని. మీరు రోజుకు ఎన్ని గంటలు స్టీరింగు ముందు కూర్చుంటారో మీకు తెలుసు. అప్పు వాయిదాలు మొదలయ్యేది అయిదేళ్ళ తర్వాత, అప్పటికి నడుమూ కళ్ళూ ఇప్పటిలా సహకరిస్తాయని చెప్పలేం. ఇంకా అబ్బాయి తొమ్మిదో తరగతి అని మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మరో నాలుగేళ్ళకు, అంటే అక్క చదువు ముగిసే సమయానికే, అతనూ ఇలాగే ఏదో ఒక సీటు ముందు నిలబడతాడు. అప్పటికి పొలం తాకట్టులో ఉండి, అక్క జీతం బ్యాంకుకు పోతుంటే, అతని ఫీజుకు ఏం చేస్తారు? అమ్మాయికి పెట్టే రూ.18 లక్షల్లో కొంత అతని వాటా నుంచి తీసుకుంటున్నట్లే లెక్క.

"మీ ఇష్టం నాన్నా" అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఇంట్లో పొలం గురించి అమ్మా నాన్నా వాదులాడుకోవడం వింటూ ఇంకేం అనగలదు? పైన నేను వేసిన లెక్కను ఒక తెల్ల కాగితం మీద ఆమె చేతే వేయించండి, అప్పు ఆమె పేరున ఉంటుంది కాబట్టి అది తెలుసుకునే హక్కు ఆమెకే ముందు ఉంది. తర్వాత, ఎలక్ట్రానిక్స్ నాలుగేళ్ళు చదవగలవా, ఇష్టమేనా అని వాళ్ళమ్మ కూడా ఉన్నప్పుడు అడగండి. ఆ శాఖ అంటేనే ఆమెకు పడదంటే తర్వాతి విడతల్లో సీఈటీ ద్వారానే శాఖ మార్చుకునే ప్రయత్నం చేయవచ్చు, దానికి పొలం అక్కరలేదు.

ఈ వారంలోనే మీ ప్రాంతపు నాడకచేరికి (ధ్రువపత్రాలు ఇచ్చే రెవెన్యూ కార్యాలయం) వెళ్ళి ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టండి. ప్రగతికీ ఎస్ఎన్‌క్యూకూ రెండింటికీ అదే కావాలి. పాత పత్రం ఉంటే గడువు తేదీ ఒకసారి చూసుకోండి. అమ్మాయి బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి, ఉపకార వేతనం వచ్చేది నేరుగా ఆ ఖాతాలోకే.